మూలన నిలబెట్టిన ఏడాది

నవంబరు చివర్లో మా అమ్మ ఫోను చేసి ఒక ప్రశ్న అడిగింది. "అందరూ బంతి పట్టుకుని అటూ ఇటూ పరుగెడుతుంటే నిన్ను మాత్రం ఎప్పుడు చూసినా ఆ మూలన నిలబెడతారెందుకు? ఏమైనా తప్పు చేశావా?"

తప్పు చేసినవాణ్ణి మూలన నిలబెట్టడం ఆమెకు బాగా తెలిసిన పద్ధతి. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పింది. ఎంతమందిని నిలబెట్టిందో లెక్క లేదు, అందులో నేనూ ఉన్నాను. ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, హాల్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించుకుని, నా మొదటి నాలుగు బాస్కెట్‌బాల్ మ్యాచులూ ఒక్క నిమిషం వదలకుండా చూసి, తనకు తెలిసిన రీతిలో అర్థం చేసుకుంది.

"తప్పేమీ చేయలేదమ్మా. అదే నా ఉద్యోగం" అన్నాను.

"నిలబడటమా?"

"నిలబడటమే."

ఆమె నమ్మలేదు. నిజానికి అప్పటికి నేనూ పూర్తిగా నమ్మలేదు.

ఎనిమిదో తరగతి దాకా గుంటూరులోనే చదివాను. బాస్కెట్‌బాల్ మొదలుపెట్టింది కూడా అక్కడే, సిమెంటు నేల మీద, వల లేని ఇనుప రింగుతో. తర్వాత నాన్న ఉద్యోగం వల్ల అమెరికా వచ్చాం. 6 అడుగుల 4 అంగుళాలు పెరిగాను. మా వైపు ఇంత పొడుగు ఎవరూ లేరు. కాలేజీ ఆటల్లో పై మెట్టు డివిజన్ 1. అందులో ఒక మధ్యరకం కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చింది. చివరి సంవత్సరం మ్యాచుకు సగటున 17 పాయింట్లు చేశాను. బంతి ముందు నా చేతికి రావాలి, ఆ తర్వాతే ఏదైనా జరగాలి. నాలుగేళ్లు అలా అలవాటైపోయింది.

డివిజన్ 1లో పురుషుల జట్లే 350కి పైగా ఉన్నాయి. ఒక్కో జట్టులో నాలాంటివాడు ఒకడైనా ఉంటాడు. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ. దాని జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడమే డ్రాఫ్టు. 2023 జూన్ 22న బ్రూక్లిన్‌లో జరిగిన డ్రాఫ్టులో పిలిచిన పేర్లు 58. మామూలుగా 60 ఉండాలి, నిబంధనలు మీరినందుకు రెండు జట్లు తలో అవకాశం పోగొట్టుకున్నాయి. మొదటి పేరు ఫ్రాన్స్ కుర్రాడు విక్టర్ వెంబన్యామాది అని లోకమంతటికీ ముందే తెలుసు. నా పేరు ఉండదని నాకూ ముందే తెలుసు. అయినా 58వ పేరు దాకా సోఫాలో కూర్చున్నాను. నాన్న మధ్యలో లేచి వెళ్లి గిన్నెలు కడిగారు. అవి అప్పటికే కడిగిన గిన్నెలు.

సెప్టెంబరులో ఒక జీ లీగ్ జట్టు సెలక్షన్లు పెట్టింది. జీ లీగ్ అంటే ఎన్‌బీఏకి కింది మెట్టు. 2001లో వేరే పేరుతో మొదలైంది, 2017లో గేటరేడ్ అనే పానీయాల కంపెనీ పేరులోని మొదటి అక్షరం తగిలించుకుంది. దాదాపు ప్రతి ఎన్‌బీఏ జట్టుకూ ఇందులో ఒక అనుబంధ జట్టు ఉంటుంది. సెలక్షన్లకు ఎవరైనా వెళ్లవచ్చు, రుసుము కట్టాలి, ఓడినా గెలిచినా అది తిరిగి రాదు. నేను రెండు వందల డాలర్లు కట్టాను. జాతరలా ఉంది. తొంభై మంది వచ్చారు. నా నంబరు 87. నా పక్కన నిలబడినాయన తపాలా శాఖలో పని చేస్తాడు, ముప్పై నాలుగేళ్లు, ఆరేళ్లుగా ప్రతి సెప్టెంబరూ వస్తున్నాడట. అక్కడ అందరి నోటా ఒకటే పేరు: జొనాథన్ సిమన్స్. 2013లో ఆస్టిన్‌లో ఇలాగే 150 డాలర్లు కట్టి సెలక్షన్లకు వెళ్లి, రెండేళ్ల తర్వాత శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో ఆడాడు. ఆ ఒక్క పేరు మీద దేశమంతటా ఎంత రుసుము వసూలై ఉంటుందో నాకు తెలియదు గానీ, నా రెండు వందలు మాత్రం ఆ ఖాతాలోవే.

పదకొండు రోజుల తర్వాత శిక్షణ శిబిరానికి రమ్మని కబురు వచ్చింది. సంతకం చేసింది జట్టుతో కాదు, లీగ్‌తో. జట్టు వద్దనుకున్న రోజున ఇంటికి పంపేయవచ్చు. గుంటూరు నుంచి మా పెదనాన్న అడిగిన మొదటి మాట, "పర్మనెంటేనా?" కాదని చెబితే కాసేపు ఆగి, "రైల్వేలో అయితే స్పోర్ట్స్ కోటాలో ఈపాటికి వచ్చి ఉండేది" అన్నారు.

శిబిరం మొదటి రోజు ఉదయం. మా జట్టులో బంతి నడిపేవాడు లోపలికి దూసుకుపోయాడు, నన్ను కాసే ప్రత్యర్థి అటు వెళ్లాడు, బంతి మూలన నా చేతికొచ్చింది. కాలేజీలో నాకొక అలవాటు: బంతి పట్టేటప్పుడు ఒక చిన్న అడుగు వెనక్కి వేసి, ఊపిరి తీసుకుని వేయడం. అలాగే వేశాను. పడింది. ఈల మోగింది. నా కుడి మడమ హద్దుగీత మీద ఉంది. మళ్లీ అదే. మళ్లీ ఈల. మూడోసారి కూడా. మూడూ వలలో పడ్డాయి, మూడూ చెల్లలేదు.

విరామంలో సహాయ కోచ్ ఒకాయన టేపు తెచ్చి, మాట్లాడకుండా కొలిచి చూపించాడు. కాలేజీ కోర్టులో మూలన మూడు పాయింట్ల గీతకూ పక్క హద్దుకూ మధ్య 40 అంగుళాల జాగా ఉంటుంది. ఇక్కడ 36. ఎన్‌బీఏ కొలతల్లో ఎదురుగా అయితే ఆ గీత రింగుకు 23 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది. అదే వంపుతో మూలకు వస్తే జాగా మిగలదు కాబట్టి అక్కడ 22 అడుగులకు కుదించి నిటారుగా గీస్తారు. అంటే కోర్టు మొత్తంలో మూడు పాయింట్లు అతి దగ్గర నుంచి దొరికే చోటు మూలే. కాని ఆ చోటు మూడు అడుగుల వెడల్పున్న సందు. నా బూటు సైజు 14, పొడవు పదమూడు అంగుళాలు. ఆ సందులో మనిషి నిలబడవచ్చు, దర్జాగా వెనకడుగు వేయడం మాత్రం కుదరదు.

ఆయన నేల మీద రెండు తెల్లటి టేపు ముక్కలు అంటించాడు, ఒక్కో పాదానికి ఒకటి. "బంతి రాకముందే ఇక్కడ ఉండు. వచ్చాక కదలకు" అన్నాడు. ఆ తర్వాత మూడు వారాలు, రోజుకు మూడు వందల బంతులు, ఆ టేపు మీద నుంచే. మడమలు అప్పుడప్పుడూ వాటంతట అవే వెనక్కి వెళ్లేవి. అలవాటు కాళ్లలో ఉంటుంది, బుర్రలో చెబితే వినదు.

హెడ్ కోచ్ నాతో విడిగా మాట్లాడింది ఒక్కసారే, అదీ ఆరు నిమిషాలు. నా కాలేజీ పాయింట్ల గురించి ఒక్క మాట రాలేదు. ఇక్కడ రింగు ముందు నేల మీద గీసిన పెట్టె 16 అడుగుల వెడల్పు, కాలేజీలో 12. పైగా ఎవరినీ కాయకుండా అందులో మూడు సెకన్లకు మించి ఏ డిఫెండరూ నిలబడకూడదు, కాలేజీలో ఆ నిబంధన లేదు. కాబట్టి ఎవడైనా లోపలికి దూసుకొస్తే అడ్డం పడాల్సింది చాలాసార్లు మూలన ఉన్నవాడిని కాసే మనిషే. నేను అక్కడ నిలబడి, బంతి వస్తే నూటికి నలభైసార్లు వేయగలనన్న భయం వాడికి పుట్టిస్తే, వాడు కదలడు. వాడు కదలకపోతే దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో వెళ్లి పాయింట్లు చేసేది వేరొకడు. అంటే నా పని పాయింట్లు చేయడం కాదు, ఒక మనిషిని నాతోపాటు మూలన కట్టేయడం.

ఇది అమ్మకు ఫోనులో చెప్పడానికి మూడు సార్లు ప్రయత్నించాను. మూడోసారి, "అయితే ఇద్దర్ని నిలబెట్టారన్నమాట" అంది.

ఆట వేగం గురించి అందరూ చెబుతారు. కాలేజీలో ఒక్కో దాడికి 30 సెకన్లు, ఇక్కడ 24. అక్కడ 40 నిమిషాల ఆట, ఇక్కడ 48. అవి నెలలో అలవాటవుతాయి. నాకు అలవాటు కానిది మధ్యాహ్నం ఒంటిగంట.

కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సాధన వారానికి 20 గంటలు దాటకూడదు. దాని చుట్టూ తరగతులు, ట్యూటరు, బరువులు, భోజనం, అన్నీ ఎవరో ఒకరు రాసిన కాగితం మీద ఉంటాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా నా రోజు నాది కాదని ఎంత సణిగానో! ఇక్కడ ఉదయం సాధన, వీడియో, ఫిజియో, ఒంటిగంటకల్లా అయిపోయేది. తర్వాత ఏమిటి? ఏమీ లేదు. మంచు కురిసే చిన్న ఊరు, కారు లేదు. జట్టు ఇచ్చిన రెండు గదుల ఫ్లాటు, గోడకు ఆనించిన పరుపు, తెరల్లేని కిటికీ. నాతో ఉన్నవాడు జార్జియా రాష్ట్రం వాడు. పెద్ద పేరున్న కాలేజీలో, ఇరవై వేల మంది ముందు ఆడినవాడు. అతను నిద్రపోయేవాడు. నేను కిటికీలోంచి పార్కింగ్ స్థలం చూసేవాణ్ణి. నవంబరులో ఒక రోజు ఆ స్థలంలో నిలిపిన కార్ల నంబర్లు కూడుతూ కూర్చున్నానని గుర్తొస్తే ఇప్పటికీ భయమేస్తుంది.

వంట మొదలుపెట్టింది అందుకే. రైస్ కుక్కర్ కొన్నాను. అమ్మ వీడియోలో చెబుతుంటే పప్పు, చారు, వంకాయ. జార్జియా మొదటి వారం దూరంగా ఉండి, రెండో వారం కంచం తెచ్చుకున్నాడు. అప్పటినుంచి అమ్మ ప్రతి ఫోనులోనూ, "మీ జార్జియా అబ్బాయి తిన్నాడా?" అని అడిగేది. అతను మ్యాచులో నాకన్నా ఎక్కువ పాయింట్లు చేస్తే మాత్రం, "బాగా ఆడాడు, కాని నీకు బంతి ఇవ్వడం లేదు" అని అలిగేది.

డబ్బు సంగతి. ఆ సీజనుకు జీ లీగ్ జీతం 40,500 డాలర్లు, అయిదు నెలలకు. ఇల్లు జట్టుది, ఆరోగ్య బీమా ఉంది, ఊరు దాటినప్పుడు భోజనానికి రోజుకింత ఇస్తారు. పెదనాన్న దాన్ని 83తో గుణించి ముప్పై మూడు లక్షలని తేల్చారు. గుంటూరు లెక్కలో నేను ధనవంతుణ్ణి. కాలేజీలో ప్రకటనల ఒప్పందాల మీద ఇంతకన్నా ఎక్కువ సంపాదించి వచ్చినవాళ్లు మా జట్టులోనే ఇద్దరున్నారు. 2021 నుంచి విద్యార్థి ఆటగాళ్లకు ఆ వెసులుబాటు వచ్చింది. వృత్తి ఆటగాడయ్యాక ఆదాయం తగ్గడం విచిత్రమే.

అంతకన్నా విచిత్రం పక్క సీట్లో ఉంటుంది. ప్రతి ఎన్‌బీఏ జట్టూ ముగ్గురిని రెండు వైపులా ఆడే ఒప్పందం మీద తీసుకోవచ్చు. కొన్నాళ్లు పైన ఎన్‌బీఏలో, కొన్నాళ్లు మాతో. ఆ ఏడాది వాళ్ల జీతం అయిదున్నర లక్షల డాలర్లకు పైనే. అదే బస్సు, అదే చల్లబడిన శాండ్‌విచ్, అదే మోకాలి ఐసు ముక్కలు. వాళ్లు మంచివాళ్లు, ఏనాడూ గొప్పలు పోలేదు. కాని హోటల్లో బిల్లు పంచుకునేటప్పుడు వాళ్లు కాగితం చూడకుండా కార్డు పెట్టేవాళ్లు, మేము చూసేవాళ్లం.

ప్రయాణాల గురించి ఒక్క పేరా చాలు. మాకు ప్రత్యేక విమానాలు లేవు. తెల్లవారుజామున మూడున్నరకు బస్సు, అయిదూ యాభైకి విమానం, మధ్య సీటు. ఒక పక్క మా జట్టు ఏడు అడుగుల వాడు, మరో పక్క నిద్రపోతున్న ముసలావిడ. మోకాళ్లు ముందు సీటుకు గుచ్చుకుంటే ముందాయన తిరిగి చూస్తాడు, మనం క్షమించమంటాం. సూ ఫాల్స్‌లో ఊపిరి పొగలా కనిపించే చలి. మెక్సికో సిటీలో ఊపిరే దొరకలేదు. ఆ ఊరు సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. కాపిటానెస్ జట్టుతో మ్యాచులో నాలుగో నిమిషానికే నడుం మీద చేతులు పెట్టుకున్నాను. కాలేజీలో ఎన్‌సీఏఏ టోర్నీకి ముందు ముప్పై చిల్లర మ్యాచులు, మధ్యలో పరీక్షలకు విరామం. ఇక్కడ 50 మ్యాచులు, కొన్ని వరసగా రెండు రాత్రులు.

డిసెంబరులో ఓర్లాండోలో వింటర్ షోకేస్ అని పెడతారు. జీ లీగ్ జట్లన్నీ ఒకే చోట, ఎన్‌బీఏ జట్ల ప్రతినిధులందరూ కుర్చీల్లో. ఆవరణ ఒక సమావేశ కేంద్రం, ప్రేక్షకుల కన్నా నోటు పుస్తకాలు ఎక్కువ. పెళ్లిచూపులంటే అబ్బాయికీ కొంత భయం ఉంటుందని అక్కడ తెలిసింది. రెండు మ్యాచుల్లో కలిపి పదకొండు నిమిషాలు ఆడాను. రెండు బంతులు వేశాను, ఒకటి పడింది.

తిరిగొచ్చాక వరసగా ఏడు మ్యాచులు కూర్చోబెట్టారు. గాయం లేదు, గొడవ లేదు. స్కోరు పట్టికలో నా పేరు ఎదురుగా 'కోచ్ నిర్ణయం' అన్న అర్థం వచ్చే పొడి అక్షరాలు. ఎందుకని ఎవరూ చెప్పరు. కాలేజీలో అయితే కోచ్ పిలిచి భుజం మీద చెయ్యి వేసేవాడు. ఇక్కడ మనమే వెళ్లి అడగాలని తెలుసుకోవడానికి నాకు అయిదు మ్యాచులు పట్టింది. అప్పటిదాకా అభిమానం అడ్డం వచ్చింది.

అడిగితే ఆయన విసుక్కోలేదు. వీడియో కుర్రాణ్ణి పిలిచి మూడు ముక్కలు వేయించాడు. మూడింటిలోనూ నేను పెట్టె లోపల సాయానికి వెళ్లి, బంతి బయటకు పోగానే నేను కాయాల్సిన మనిషి వైపు తిరిగి పరుగెత్తుతున్నాను. మూడింటిలోనూ ఆలస్యం. కాలేజీ గీత దాకా నా కాళ్లకు నాలుగు అడుగులు, నాలుగేళ్లుగా కాళ్లు ఆ లెక్కే నేర్చుకున్నాయి. ఇక్కడ అయిదు కావాలి. నా కాళ్లు నాలుగు వేసి ఆగిపోతున్నాయి, అయిదోదాని బదులు చెయ్యి చాస్తున్నాను. ఎదుటివాడు ఆ చేతి కింద నుంచి చూసి తాపీగా వేస్తున్నాడు. ఒక అడుగు తక్కువ, అంతే. నేనేమో ఆ అయిదు రాత్రులూ నా రంగు గురించి, నా కాలేజీ పేరు గురించి, కోచ్‌కు నచ్చని నా మొహం గురించి ఆలోచించాను.

జనవరి అంతా సాధన తర్వాత ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆ అయిదో అడుగు కోసమే. మొదటి మూడు పెద్దవి, చివరి రెండు నేలను తట్టినట్టు చిన్నవి, తుంటి కిందికి, చెయ్యి పైకి. మధ్యాహ్నాల సంగతి కూడా కొంత తీరింది.

ఆ నెలలోనే ఫ్రిస్కో వెళ్లాం, టెక్సస్ లెజెండ్స్ మీద మ్యాచు. డాలస్ పక్కన ఉన్న ఈ ఊళ్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. మా బాబాయి ఒకాయన వాట్సాప్‌లో ఒక్క మాట పెట్టారట, నలభై మంది వచ్చారు. సగం మంది మ్యాచుకు ముందు కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లి బొట్టుతోనే వచ్చారు. ఆ భవనంలోనే డాలస్ స్టార్స్ ఐస్ హాకీ జట్టు కూడా సాధన చేస్తుంది, లోపల చలి. ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్లలో పెద్దాయన ఒకరికి సత్నాం సింగ్ గుర్తున్నాడు. 2015 డ్రాఫ్టులో డాలస్ ఎన్‌బీఏ జట్టు 52వ పేరుగా తీసుకున్న పంజాబ్ కుర్రాడు, ఇదే లెజెండ్స్‌కు ఆడాడు. "అతను వచ్చినప్పుడూ చూడ్డానికి వచ్చాం బాబూ. అతనూ ఎక్కువసేపు కూర్చునే ఉండేవాడు" అన్నారాయన, ఓదార్పుగానే.

నేను ఆడింది చివరి మూడు నిమిషాలు. అప్పటికి పద్దెనిమిది పాయింట్ల తేడాతో ఓడిపోయాం. నేను లేచి పైచొక్కా విప్పగానే ఆ నలభై మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మిగతా జనం ఎవరో పేరున్నవాడు వస్తున్నాడనుకుని తిరిగి చూశారు. మూడు నిమిషాలూ మూలన నిలబడ్డాను. బంతి ఒక్కసారీ రాలేదు.

బయట పార్కింగ్‌లో పులిహోర ట్రే చేతికిచ్చారు. చదువు ఏమిటని అడిగారు, తర్వాత ఎంఎస్ చేస్తావా అని అడిగారు. పదేళ్ల పిల్లాడు ఒకడు మాత్రం అందరూ అయ్యేదాకా ఆగి, "మీరు బంతి కావాలని ఎందుకు అడగలేదు?" అన్నాడు. నా దగ్గర సమాధానం ఉంది: అడిగితే నన్ను కాసేవాడు కదులుతాడు, దారి మూసుకుపోతుంది. చెప్పడం మొదలుపెట్టాను. వాడు నమ్మని కళ్లతో విన్నాడు, అచ్చం మా అమ్మలాగే. బస్సులో పులిహోర పన్నెండు మందికీ సరిపోయింది. జార్జియా కరివేపాకులు ఏరి కాగితం అంచున వరసగా పెట్టుకున్నాడు.

జీ లీగ్‌లో ఒక నిబంధన ఉంది. మ్యాచులో చివరి రెండు నిమిషాలు తప్ప మిగతా అంతా, ఫౌలుకు పరిహారంగా ఎవరూ అడ్డం లేకుండా వేసే ఫ్రీ త్రోలు రెండు మూడు ఉండవు. ఒక్కటే, దాని విలువే రెండో మూడో. ఆట తొందరగా సాగాలని ఎన్‌బీఏ వాళ్లు ముందు మా మీద ప్రయోగిస్తారు. గురి తప్పిన బంతి మళ్లీ దాడి చేసే జట్టుకే దొరికితే గడియారం 14 సెకన్లకు తిప్పడం కూడా మా మీద చూశాకే పైన పెట్టారు. ఫిబ్రవరి మొదటి వారంలో సొంత ఊళ్లో మ్యాచు. నేను మళ్లీ ఆడటం మొదలుపెట్టి వారమైంది. మూలన నా మూడు పాయింట్ల ప్రయత్నంలో ఫౌలు. ఒక్క త్రో, మూడు పాయింట్లు. కాలేజీలో నూటికి ఎనభై నాలుగు వేసేవాణ్ణి. మొదటిది ఎప్పుడూ కొలత చూసుకోవడానికి, తర్వాతివి వేయడానికి. ఇక్కడ కొలత చూసుకునే త్రో లేదు. రింగు వెనక అంచుకు తగిలి నా నెత్తి మీదుగా వెళ్లిపోయింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం. ఆ రాత్రి అమ్మ ఫోను చేయలేదు, నాన్న చేసి చలి ఎలా ఉందని అడిగారు.

ఆ నెల మధ్యలో ఒక రాత్రి పదకొండింటికి జార్జియా ఫోను మోగింది. పది రోజుల ఒప్పందం మీద ఎన్‌బీఏ జట్టొకటి రమ్మంది. పది రోజులకు సుమారు 64,000 డాలర్లు, మా అయిదు నెలల జీతం కన్నా ఒకటిన్నర రెట్లు. ఇరవై నిమిషాల్లో పెట్టె సర్దాడు. గుమ్మంలో నన్ను కావలించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అందులో అబద్ధం లేదు. కాని తలుపు మూయకముందే నా బుర్రలో ఒక లెక్క నడుస్తోంది: అతని మ్యాచుకు ముప్పై రెండు నిమిషాలు ఇప్పుడు ఎవరికి వస్తాయి? ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు పదిహేను వచ్చాయి. ఆ పది రోజుల్లో నాలుగు మ్యాచులు ఆడాను, సీజన్లో నా ఉత్తమమైనవి అవే. అయిదో అడుగు తనంతట తానే పడుతోంది.

జార్జియా పదకొండో రోజున తిరిగొచ్చాడు. ఒప్పందం పొడిగించలేదు. రెండు కొత్త బూట్ల పెట్టెలు తెచ్చాడు, పద్నాలుగు గంటలు నిద్రపోయాడు. లేచాక అన్నం తింటూ ప్రత్యేక విమానం గురించి, అందులో సీట్ల గురించి చెప్పాడు. ఆట గురించి నేనే అడగాల్సి వచ్చింది. మొత్తం తొమ్మిది నిమిషాలు ఆడాడట. మా జట్టులో అతనే ప్రధాన ఆటగాడు, బంతి ఎప్పుడూ అతని చేతిలోనే.

"ఏ చోట ఆడించారు?" అన్నాను.

"మూలన" అన్నాడు. "నీ టేపు ముక్కలు గుర్తొచ్చాయి."

మర్నాడు సాధన తర్వాత ఒంటిగంటకు అతనూ ఉండిపోయాడు. నేల మీద ఇంకో రెండు టేపు ముక్కలు అంటించాను, రెండో మూలన.

ఆండ్రే ఇన్‌గ్రమ్ అనే ఆయన ఈ లీగ్‌లో పదేళ్లు ఆడి, 32 ఏళ్ల వయసులో, 2018 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ తరఫున మొదటి ఎన్‌బీఏ మ్యాచు ఆడి 19 పాయింట్లు చేశాడు. డ్రెస్సింగ్ రూములో ఈ కథ ఎవరో ఒకరు నెలకోసారి చెబుతారు. నవంబరులో విన్నప్పుడు 19 పాయింట్లు వినిపించాయి, మార్చిలో విన్నప్పుడు పదేళ్లు వినిపించాయి.

మార్చిలో సొంత ఊరి చివరి మ్యాచుకు అమ్మానాన్నా వచ్చారు. సీట్లు నన్ను అడగకుండా అమ్మే కంప్యూటర్లో చూసి కొంది. రెండో వరస, కోర్టు మూలకు సరిగ్గా ఎదురుగా, అవతలి జట్టు బెంచీ పక్కన. నాన్న మధ్యలో కూర్చుంటే అంతా కనిపిస్తుందన్నారట, ఆమె వినలేదు.

మొదటి సగం మేము దాడి చేసే వైపు అదే. నేను నిలబడే చోటుకూ ఆమెకూ పది అడుగులు. అవతలి బెంచీవాళ్లు నా చెవిలో అనే మాటలు ఆమెకూ వినిపిస్తున్నాయని నాకు తెలుసు, అవి అమ్మలు వినదగ్గ మాటలు కావు. రెండో క్వార్టరులో బంతి వచ్చింది. వేశాను. పడింది. జనం అరిచారు, నాన్న లేచారు. నేను అటు చూశాను. అమ్మ రింగు వైపు చూడటం లేదు. ముందుకు వంగి నా మడమలు చూస్తోంది, గీతకు ఇవతలే ఉన్నాయా లేదా అని.

ఆ సీజను అలా ముగిసింది. నా హక్కులు జట్టు దగ్గరే ఉన్నాయి, పిలవవచ్చు, పిలవకపోవచ్చు. యూరప్ నుంచి ఒక ఏజెంటు రెండు ఊళ్ల పేర్లు పంపాడు, రెండింటినీ పటంలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకా జవాబు ఇవ్వలేదు.

మ్యాచు తర్వాత నడవాలో అమ్మ కొంచెం కోపంగానే ఉంది. "సగం అయ్యాక నిన్ను అవతలి మూలకు మార్చారేమిటి? ఇటు బాగానే వేశావుగా."

మార్చలేదని, విరామం తర్వాత రెండు జట్లూ దిక్కులు మారతాయని, అన్ని మ్యాచుల్లోనూ అంతేనని చెప్పాను. అయిదు నెలలు టీవీలో చూసినా ఆ సంగతి గమనించలేదు, ఎందుకంటే టీవీలో నేను ఎప్పుడూ ఏదో ఒక మూలన కనిపిస్తూనే ఉన్నాను.

"ముందే చెప్పాలి కదా నాన్నా" అంది. "మీ నాన్నను ఆ మూలన కూర్చోబెట్టేదాన్ని."